ముందుగా వ్రాసిన ప్రశ్న

మన పల్లెలలో కామెర్లు వచ్చినవానికి పసరు పోయించుట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. తెల్లవాఱుజామున పరగడుపున పసరు త్రాగి, ఉప్పు కారము నూనె మానివేసి, చప్పిడి పథ్యముతో రెండుమూడు వారములు గడపిన పిమ్మట కన్నులలోని పచ్చదనము తొలగిపోవును. పసరు పోసినవాని కీర్తి చుట్టుప్రక్కల పది యూళ్లకు ప్రాకును. ఇందులో అబద్ధమాడినవారు ఎవరును లేరు. రోగికి తగ్గినమాట నిజము, పసరు త్రాగినమాట నిజము, త్రాగిన పిమ్మటనే తగ్గినమాటయు నిజమే. కాని కలుషితమైన నీటివలనను ఆహారమువలనను వ్యాపించు హెపటైటిస్ ఏ అను కామెర్లు, ఏ మందు ఈయకున్నను, పెక్కుమందిలో కొన్ని వారములలో తమంతట తామే శమించునవి గావున, పై మూడు నిజములను ఎన్నిమారులు కలిపి చూచినను పసరు పని చేసినదో లేదో తేలదు. తేలవలెనన్నచో, పసరు త్రాగకుండిన ఆ రోగి గతి ఏమై యుండెడిదో తెలియవలెను. ఒకే మనుష్యుడు ఒకే జబ్బులో త్రాగినవాడుగను త్రాగనివాడుగను ఉండజాలడు. చికిత్సల పరీక్షకై గడచిన ఎనుబది సంవత్సరములలో సాంఖ్యకశాస్త్రజ్ఞులు చేసిన కృషిలో అధికభాగము ఈ అసాధ్యమును చుట్టివచ్చు త్రోవను కనుగొనుటకే వినియోగమైనది.

ఆ త్రోవను గూర్చి సామాన్యపాఠకునికి చెప్పవలసివచ్చినప్పుడు మన పత్రికలు గణితమునకు వెఱచి ఊరకుండును, లేదా మందు పరీక్షలో నెగ్గినదని యొక్క వాక్యముతో సరిపెట్టును. పాఠకులకు ఇంతకంటె ఎక్కువ అక్కఱలేదను అభిప్రాయము సంపాదకవర్గములలో పాతుకొనియున్నది. నేను దీనితో ఏకీభవింపజాలను. చికిత్సాపరీక్షలో కఠినమైన గణితము కడపట వచ్చునది; దానిని నిపుణులకు విడిచిపెట్టవచ్చును. ఆ గణితమునకు అర్థము కలిగించునవి మాత్రము ఫలితము కంటబడకమునుపే చేసికొనిన కొన్ని ఒడంబడికలు. ఏ ప్రశ్నకు సమాధానము వెదకుచున్నారు, ఎవరికి ఏ చికిత్స లభించునో ఎట్లు నిర్ణయించిరి, ఎందఱిని ఎంతకాలము చూతుమనిరి, ఇవి ముందుగా వ్రాసిపెట్టబడనిచో, పిమ్మట ఎంతటి సూక్ష్మమైన సూత్రమును ప్రయోగించినను అది పరిశోధకునికి నచ్చిన సమాధానమునే తిరిగి వినిపించును. ఈ ఒడంబడికలను అర్థము చేసికొనుటకు పట్టా అక్కఱలేదు.

పోల్చి చూడవలెనను బుద్ధి క్రొత్తది కాదు. 1747లో సాలిస్‌బరీ అను ఆంగ్లనౌకపై జేమ్స్ లిండ్ అను వైద్యుడు స్కర్వీ వ్యాధి సోకిన పండ్రెండుగురు నావికులను ఇద్దఱిద్దఱిగా విభజించి, ఆఱు జంటలకు ఆఱు విధములైన చికిత్సలు చేసి, నారింజలును నిమ్మపండ్లును తిన్న జంట తక్కినవారికంటె వేగముగ కోలుకొనుట కనుగొనెను. ఆంగ్లనౌకాదళము నిమ్మరసమును నావికులందఱకు ఈయసాగినది 1795లో. ఆ కాలమునకు లేనిది, ఎవరిని ఏ వర్గమున చేర్చవలెనను నిర్ణయమును వైద్యుని చేతినుండి తప్పించు ఏర్పాటు. ఆ ఏర్పాటు సంపూర్ణముగ రూపొందినది రెండువందల యేండ్ల పిమ్మట, 1948 అక్టోబరు 30వ తేదీన బ్రిటిష్ మెడికల్ జర్నల్ పత్రికలో ప్రకటితమైన, క్షయవ్యాధికి ఇచ్చు స్ట్రెప్టోమైసిన్ అను మందు పరీక్షలో.

యుద్ధానంతరము బ్రిటనులో డాలర్లకు కొఱత; అమెరికానుండి తెప్పించుకొనగలిగిన మందు స్వల్పము. అందఱకును చాలని మందును కొందఱకే ఈయవలసియున్నప్పుడు, ఆ కొందఱిని ఒక పద్ధతిప్రకారము ఎన్నుకొని మిగిలినవారితో పోల్చి చూచుట అధర్మము కాదని మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ వారు తలంచిరి. ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను సాంఖ్యకశాస్త్రజ్ఞుడు, తానును యౌవనమున క్షయవ్యాధితో చాలకాలము మంచము పట్టినవాడు, యాదృచ్ఛికసంఖ్యల పట్టిక ననుసరించి స్ట్రెప్టోమైసిన్ అనియో, మంచముపై విశ్రాంతి మాత్రమే అనియో సూచించు చీటీలను కవరులలో నుంచి అంటింపజేసెను. రోగిని పరీక్షకు స్వీకరించిన పిమ్మటనే వాని వరుససంఖ్యగల కవరు తెఱువబడును. ఎక్స్‌రే చిత్రములను చదివిన వైద్యులకు ఏ చిత్రము ఏ వర్గమువారిదో తెలియనీయలేదు. చేరినవారు నూటయేడుగురు. మందు పొందిన ఏబదియైదుగురిలో ఆఱు నెలలలోపల మరణించినవారు నలుగురు. విశ్రాంతి మాత్రమే పొందిన ఏబది యిద్దఱిలో పదునలుగురు.

ఆ అంటించిన కవరును గూర్చి ఒక మాట చెప్పక ముందుకు సాగజాలను. వైద్యుని ఇష్టమునకే విడిచినచో, కోలుకొను ఆశ ఎక్కువగ ఉన్నవానికి క్రొత్తమందు ఇచ్చి తన మందు గెలువవలెనని ఒకడు కోరును, చావునకు దగ్గఱ పడినవానిపై జాలిపడి వానికే ఇయ్యవలెనని మఱియొకడు కోరును. ఇరువురును సజ్జనులే, ఇరువురి చేతను లెక్క చెడిపోవును. యాదృచ్ఛికముగ పంచినచో వయస్సు, రోగతీవ్రత, దారిద్ర్యము, మనోధైర్యము, మనము కొలువనేరని, పేరు సైతము పెట్టనేరని మఱెన్నో గుణములు, ఉభయవర్గములకు పక్షపాతము లేక పంచబడును. సరిసమానముగ పంచబడునని కాదు. ఎంతమేర ఎచ్చుతగ్గులు రావచ్చునో సంభావ్యతాసిద్ధాంతముతో ముందే గణింపవచ్చును. యాదృచ్ఛికతయందలి అసలు లాభమిదియే.

ఇప్పుడు నాలుగు, పదునాలుగు అను ఆ రెండంకెలను పరీక్షింతము. స్ట్రెప్టోమైసిన్ నీటితో సమానమని, అది ఎవరి ప్రాణమును నిలుపలేదని, కాసేపు అనుకొందము. అట్లయినచో ఆ ఆఱు నెలలలో గతించిన పదునెనిమిదిమందియు ఏ వర్గమున ఉన్నను గతించెడివారే. ఎందఱు ఎటువైపు పడిరనునది కవరుల చలవయే. ఒక కుండలో నూటయేడు చీటీలు వేసి, అందు పదునెనిమిదింటిపై గుర్తుపెట్టి, బాగుగ కలిపి, కన్నులు మూసికొని ఏబదియైదు చీటీలు తీసినచో గుర్తుగలవి ఎన్ని వచ్చును? సగటున తొమ్మిది. ఏడు వచ్చినను పదకొండు వచ్చినను ఆశ్చర్యము లేదు. నాలుగుగాని అంతకు తక్కువగాని వచ్చుట మాత్రము నూఱు పర్యాయములలో ఒకమారుకంటె తక్కువ. కావున మనము మొదట అనుకొన్న మాటనే, అనగా మందు నీటితో సమానమను మాటనే, సందేహింపవలసివచ్చుచున్నది. శాస్త్రజ్ఞులు పీ-విలువ యని వ్యవహరించునది ఈ అరుదుదనపు కొలతయే. దానికంటె నిగూఢమైన దేదియు అందులో లేదు.

దానిని చదువుటలోనే పొరపాటంతయు జరుగుచున్నది. పీ-విలువ నూటికి ఒకటి యనగా మందు పనిచేయకుండుటకు నూటికి ఒక్క పాలే అవకాశమున్నదని పెక్కువైద్యులు సైతము తలంతురు. అది మందును గూర్చిన సంభావ్యత కాదు. మందు నిష్ఫలమని అనుకొన్న పిమ్మట అట్టి అంకెలు కంటబడుటయందలి సంభావ్యత. రాథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనశాలలో ఎరువుల లెక్కలు చూచిన రోనాల్డ్ ఫిషర్ పండితుడు 1925లో ప్రకటించిన గ్రంథమున ఇరువదింట ఒకటి అను హద్దును సౌకర్యముకొఱకు సూచించెను. ఆ సౌకర్యము కాలక్రమమున శాసనమైపోయి, 0.049 వచ్చినచో ఉత్సవము, 0.051 వచ్చినచో శోకము అను వింతస్థితి ఏర్పడినది. ఆ హద్దు నొక్కదానినే నమ్మి నిర్ణయములు చేయరాదని అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ వారు 2016లో ప్రత్యేకముగ ప్రకటన చేయవలసివచ్చెను. ఒక హద్దును పాటించుటలో దోషములేదని నా ఉద్దేశము. హద్దునకు ఇటు పడువఱకు ప్రశ్నలను మార్చుచు పోవుటలో ఉన్నది దోషము.

స్ట్రెప్టోమైసిన్ పరీక్ష వెలువడిన 1948లోనే మనవాడొకడు ఈ శాస్త్రమునకు చేసిన సేవ తెలుగునాట తగినంతగా తెలియదు. అప్పటి మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లా హూవిన హడగలిలో తెలుగుకుటుంబమున జన్మించి, వాల్తేరు ఆంధ్రవిశ్వకళాపరిషత్తులో గణితము చదివి, కలకత్తాకును అటుపిమ్మట కేంబ్రిడ్జికిని వెడలిన సి.ఆర్. రావుగారు, ఫిషర్ శిష్యులై, ఆ సంవత్సరమున కేంబ్రిడ్జి ఫిలసాఫికల్ సొసైటీ పత్రికలో స్కోర్ పరీక్ష అను పద్ధతిని ప్రతిపాదించిరి. ప్రభావము సున్నయని భావించిన చోటనే నిలిచి, దత్తాంశములు మనలను అచ్చటినుండి ఎంత బలముగ త్రోయుచున్నవో కొలుచుట దాని సారము. క్యాన్సర్, హృద్రోగముల పరీక్షలలో నేడు నిత్యము వాడబడు లాగ్-ర్యాంక్ పరీక్షను 1966లో నాథన్ మాంటెల్ వేఱుదారిన చేరుకొనెను. ఒక్కొక్క మరణము సంభవించిన దినమున అప్పటికి జీవించియున్నవారు ఉభయవర్గములలో ఎందఱో చూచి, మందు నిష్ఫలమైనచో ఆ మరణమున ఏ వర్గమునకు ఎంత భాగము రావలెనో గణించి, వచ్చినదానికిని రావలసినదానికిని గల భేదమును కడవఱకు కూడుచు పోవుట అందలి విధానము. 1972లో డేవిడ్ కాక్స్ ప్రతిపాదించిన నమూనానుండి చూచినచో అది రావుగారి స్కోర్ పరీక్షయే యని తేలినది. రావుగారు నూటరెండేండ్లు జీవించి 2023లో పరమపదించిరి. హైదరాబాదు అమీర్‌పేటలో క్లినికల్ సాస్ నేర్పుదుమను బోర్డులక్రింద వందలకొలది యువకులు ఈ పరీక్షలను కంప్యూటరుచే చేయించుట అభ్యసించుచున్నారు. వారి పాఠములలో ఈ పేరు ఒక్కమారైన వినబడుచున్నదో లేదో.

మఱల క్షయకు వత్తము. ఆఱు నెలలకు నలుగురు, పదునలుగురు అని కదా లెక్క. ఆ రోగులనే అయిదు సంవత్సరములపాటు కనిపెట్టి చూచినప్పుడు మందు పొందిన ఏబదియైదుగురిలో ముప్పది యిద్దఱును, పొందని ఏబది యిద్దఱిలో ముప్పది యైదుగురును మరణించియుండిరి. అంతటి భేదము ఎక్కడ పోయినది? స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఈయబడిన శరీరములలో క్షయక్రిములు ఆ మందును తట్టుకొను శక్తిని సంపాదించినవి. ఈ సంగతి మొదటి నివేదికయందే సూచింపబడి, మఱియొక మందును జతచేయు పరీక్షలకు దారితీసినది. నేటి బహుళౌషధచికిత్సకు మూలమిదియే. ఎంతకాలము చూతుమను ఒడంబడిక ఎంత ముఖ్యమైనదో ఇంతకంటె వేఱు నిదర్శనము అక్కఱలేదు. మూడు నెలల ఫలితమును చూపి మందు విజయవంతమని చాటువారిని, తరువాతి సంవత్సరముల మాటేమని అడుగుట అమర్యాద కాదు.

భేదమున్నదనుట యొకటి, ఎంత భేదమనుట వేఱొకటి. హైదరాబాదు భారత్ బయోటెక్ వారి రోటావాక్ అను, శిశువుల విరేచనవ్యాధిని నివారించు టీకాను ఢిల్లీ, పూనా, వెల్లూరులలో 6,799 మంది పసిపిల్లలపై పరీక్షించి 2014లో ఫలితములు ప్రకటించిరి. టీకా పొందినవారు సుమారు రెండు భాగములు, ప్లాసిబో, అనగా మందులేని నకలు, పొందినవారు ఒక భాగము. తీవ్రమైన రోటావైరస్ విరేచనములు టీకావర్గమున 71, ప్లాసిబోవర్గమున 76. రెండంకెలును ఇంచుమించు సమానమే కదా యని తొందరపడువాడు, మొదటి వర్గమున పిల్లలు రెండింతలున్నారను మాట మఱచినవాడు. రక్షణ 53.6 శాతము. పత్రికలలో ఈ యొక్క అంకె అచ్చుపడినది. దాని ప్రక్కన శాస్త్రజ్ఞులు వ్రాసిన 35 మొదలు 66.9 వఱకు అను విశ్వాసాంతరము అంతగా అచ్చుపడలేదు. ఆ చూచిన పిల్లల సంఖ్యతో ఇంతకంటె ఇఱుకుగా చెప్పుటకు వీలులేదను నిజాయితీ ఆ రెండు హద్దులలో ఉన్నది. నన్నడిగినచో నడిమి అంకెకంటె క్రింది హద్దునే పెద్ద అక్షరములతో వేయవలెనందును. అంత తక్కువయైనను టీకా వేయించుట లాభమా కాదా యనునదియే ప్రభుత్వము తేల్చుకొనవలసిన ప్రశ్న గనుక.

ముందుగా వ్రాయని ప్రశ్నలు ఎంతటి నవ్వులపాలు చేయునో 1988లో ప్రకటితమైన ఐసిస్-2 అను మహాపరీక్ష చాటినది. గుండెపోటు వచ్చిన 17,187 మందిలో ఆస్పిరిన్ పొందిన 8,587 మందికి అయిదు వారములలో హృద్రోగాది నాళమరణములు 804. పొందని 8,600 మందికి 1,016. ఆస్పిరిన్ ప్రాణములు నిలుపునని నిస్సందేహముగ తేలినది. అయినను ఏ వయస్సువారికి ఎక్కువ మేలు, ఏ జాతివారికి తక్కువ యని ముక్కలుచేసి చూపవలెనని పత్రికాసంపాదకులు పట్టుబట్టగా, పరీక్ష నడపిన ఆక్స్‌ఫర్డు పండితులు అట్లే చేసి, వానితోపాటు రోగులను జన్మరాశులను బట్టియు విభజించి చూపిరి. మిథునమునను తులలోను పుట్టినవారికి ఆస్పిరిన్ కొంత కీడే చేసినట్లును, తక్కిన పది రాశులవారికి ఎంతో మేలుచేసినట్లును లెక్క వచ్చినది! వారు గణించినది సూర్యుని బట్టి చెప్పు పాశ్చాత్యరాశి. మన సిద్ధాంతిగారు చంద్రుని బట్టి లెక్కించి మఱి రెండు రాశులకు కీడు చూపగలరు. ఎన్ని ముక్కలు కోసిన అన్నిచోట్ల యాదృచ్ఛికత తన వినోదము తాను చూపుచుండును. గణితములో తప్పేమియు లేకయే తప్పుడు సమాధానము వచ్చుటకు ఇంతకంటె ఉల్లాసకరమైన ఉదాహరణమును నేనెఱుగను.

అట్లని విభజించి చూచుట సర్వదా నిషిద్ధము కాదు. 2020 జూన్ మాసమున ఇంగ్లండు రికవరీ పరీక్షవారు కోవిడ్ రోగులకు డెక్సామెథసోన్ అను చౌకమందు ఇచ్చి చూడగా, ఇరువది యెనిమిది దినములలో మరణములు 25.7 శాతమునుండి 22.9 శాతమునకు తగ్గినవి. శ్వాసయంత్రముపై నున్నవారిలో తగ్గుదల 41.4 నుండి 29.3 శాతమునకు, ప్రాణవాయువు అక్కఱలేనివారిలో మేలు కనబడలేదు. ఈ విభజనను మనము నమ్ముచున్నాము. ఏలయన, రోగతీవ్రతనుబట్టి విడదీసి చూతుమని వారు ముందే వ్రాసియుంచిరి; ఆ వరుసకు శరీరశాస్త్రసమ్మతమైన కారణమును కలదు. ఆ రోజులలో మనయూళ్లలో జ్వరము తగిలిన మొదటినాడే ఆ మాత్రలు మ్రింగినవారు వార్తలో సగమే చదివినవారు.

వర్గమున చేరినవారిని కడవఱకు ఆ వర్గములోనే లెక్కింపవలెనను మఱియొక నియమము సామాన్యబుద్ధికి విరుద్ధముగ తోచును. మందు మ్రింగనివానిని మందు పొందినవారిలో చేర్చుట ఎట్లని అడుగుదురు. అమెరికాలో కరొనరీ డ్రగ్ ప్రాజెక్ట్ అను హృద్రోగపరీక్షలో క్లోఫైబ్రేట్ మాత్రలను క్రమముగ వేసికొన్నవారిలో అయిదేండ్లలో మరణించినవారు నూటికి పదునైదుగురు, సరిగ వేసికొననివారిలో సుమారు ఇరువదియైదుగురు. మందు అమోఘమని అనిపించుట లేదా? కాని ఏ మందును లేని ప్లాసిబో మాత్రలను క్రమముగ వేసికొన్నవారిలోను మరణములు నూటికి పదునైదే. సరిగ వేసికొననివారిలో ఇరువది యెనిమిది. మాత్రలను వేళకు మ్రింగు మనుష్యుడు ఎన్నో ఇతరవిషయములలో వేఱైన మనుష్యుడు. వారిని ఏరి పోల్చినచో మందును కాక మనుష్యస్వభావమును కొలిచినవారమగుదుము. మొత్తమున పోల్చినప్పుడు క్లోఫైబ్రేటు ప్రాణరక్షణ ఏమియు చేయలేదు.

ఇఁక, మరణమునకు మాఱుగా సులభముగ కొలువదగిన రక్తపరీక్షనో గుండెచప్పుడునో లక్ష్యముగ పెట్టుకొనుటయందలి అపాయము 1991లో వివరముగ ప్రకటితమైన క్యాస్ట్ పరీక్షతో లోకమునకు తెలిసివచ్చినది. గుండెపోటు తరువాత క్రమముతప్పిన చప్పుళ్లను అణచు ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అను మందులు ఆ పనిని చక్కగ చేసినవి. చప్పుళ్లు సద్దుమణిగినవి. 755 మందిలో 63 మంది మరణించిరి. ప్లాసిబో పొందిన 743 మందిలో 26 మంది. ఆ పరీక్ష జరుగకమునుపు ఆ మందులను వ్రాసిన వైద్యులందఱును తమ రోగులు బాగుపడుచున్నారనియే కన్నులార చూచుచుండిరి.

ఇంత చెప్పినను ఒక ప్రతివాదము మిగిలియున్నది. ప్రాణము పోవుచున్నవాని యెదుట కవరు తెఱచుట నిర్దయ కాదా? ప్రతి మందునకును ఈ తంతు అవసరమా? అక్కఱలేని సందర్భములు ఉన్నవని ఒప్పుకొనవలెను. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పర్యవేక్షణమున లెడర్లే పరిశోధనశాలలో తయారైన అమినాప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ సోకిన పదునార్గురు పిల్లలకు ఇచ్చి, పదిమందిలో గుణము కనబడినదని 1948లోనే ప్రకటించెను. పోల్చుటకు రెండవ వర్గము లేదు. అయినను ఆ వ్యాధి అప్పటివఱకు దేనికిని లొంగనిది గావున, అంత గుణము సహజముగ వచ్చినదని ఎవరును అనజాలరు. ప్రభావము కొండంతయైనప్పుడు కొలబద్ద అక్కఱలేదు. కాని ఆ గుణము కొన్ని నెలలు మాత్రమే నిలిచినది. దానిని శాశ్వతమైన స్వస్థతగ మార్చినది, ఏ మందును దేనితో కలుపవలెను, ఎంత మోతాదు, ఎన్ని నెలలు అని మెట్టుమెట్టుగా దశాబ్దములపాటు నడచిన యాదృచ్ఛికపరీక్షలు. ఒక్కొక్క మెట్టునందలి లాభము స్వల్పము. స్వల్పలాభమును వట్టి అనుభవముతో గుర్తించుట దుస్సాధ్యము. నేడు వచ్చు మందులలో ఎక్కువభాగము ఈ రెండవ తరగతికి చెందినవే, ప్రకటనలు మాత్రము మొదటి తరగతి భాషలో ఉండును.

మేలని తోచిన చికిత్సను ఈయకుండుటయే అన్యాయమని వాదించువారికి మదరాసు ఉదంతము వినదగినది. 1956లో అచ్చట నెలకొల్పిన క్షయచికిత్సాకేంద్రమున, సానటోరియములో ఉంచి పుష్టికరమైన ఆహారము, విశ్రాంతి, గాలివెలుతురులతో చికిత్సచేయుటయా, పేదయింట ఇరుకుగదిలో ఉంచియే అవే మందులు ఇచ్చుటయా అను ప్రశ్నను యాదృచ్ఛికముగ పంచి పరీక్షించిరి. ఒక సంవత్సరమునకు సానటోరియమువారిలో నూటికి 92, ఇంటివారిలో 86 మందికి క్రిములు అణగిపోయినవి. ఇంట నుండుటవలన కుటుంబములోని వారికి వ్యాధి అధికముగ సోకలేదు. 1959లో ఈ ఫలితము వెలువడిన పిమ్మట దేశములో క్షయచికిత్స ఇంటిదారి పట్టినది. మదనపల్లెచెంత ఆరోగ్యవరము వంటిచోట్ల మంచము దొరకక తిరిగిపోయిన వేలమందికి ఇది ప్రాణదానము. ఆనాటి వైద్యప్రముఖులను అడిగియున్నచో, పేదవానిని ఇంట ఉంచుటయే నిర్దయ యని ఏకగ్రీవముగ చెప్పియుండెడివారు. పరీక్ష చిన్నది, 92కును 86కును గల భేదమును అది పూర్తిగ కొట్టివేయలేదు. మంచములు అందఱకును లేని దేశమున ఆపాటి భేదమును ఓర్చుకొనవచ్చునని నిర్ణయించినది గణితము కాదు, వివేకము. ఆ రెండింటి పొత్తు ఆనాడు చక్కగ కుదిరినది.

2020, 2021 సంవత్సరములలో కుదరలేదు. కోవిడ్‌నుండి కోలుకొన్నవారి ప్లాస్మాను రోగులకు ఎక్కించుట మేలా యని మన భారత వైద్యపరిశోధన మండలివారే 39 ఆసుపత్రులలో 464 మందిపై పరీక్షించి, రోగము ముదిరిన లేక మరణించినవారు ప్లాస్మా పొందినవారిలో 19 శాతము, పొందనివారిలో 18 శాతమని 2020 అక్టోబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించిరి. ఇంతటి విపత్తులో ఇంత త్వరగా ఇంత శుద్ధముగ పరీక్ష జరిపినందుకు వారిని కొనియాడవలెను. కాని జాతీయ చికిత్సామార్గదర్శకములనుండి ప్లాస్మాను తొలగించినది 2021 మే మాసమున. ఆ ఏడు నెలలును, అందులోను రెండవ ఉప్పెన దినములలో, తెలుగునాట ఎన్ని కుటుంబములు ప్లాస్మా దాతలకై రాత్రింబవళ్లు ఫోనులు చేసినవో పాఠకులకు గుర్తుండియే యుండును. సమాధానము చేతనుంచుకొని ప్రజలను ప్రశ్నవెంట పరుగెత్తించుట అది.

అదే మే మాసమున నెల్లూరు జిల్లా కృష్ణపట్నమున కోవిడ్ నయమగునని పంచిన ఒక నాటుమందునకై జనము వేలకొలదిగ చేరిరి. కంటిలో వేయు చుక్కలను మినహాయించి తక్కినవానిని పంచుటకు రాష్ట్రప్రభుత్వము అనుమతించినది. హాని కనబడలేదనుట అందుకు చూపిన కారణము. హాని చేయదనుట ఒక ప్రశ్నకు సమాధానము, మేలు చేయుననుట మఱియొక ప్రశ్నకు. రెండవదానిని ఎవరును యాదృచ్ఛికముగ పంచి పరీక్షింపలేదు. ఆధునికవైద్యమును ఈ విషయమున కడిగిన ముత్యమని అనుకొనరాదు. కోవాక్సిన్‌కు 2021 జనవరి 3వ తేదీన అనుమతి లభించునాటికి మూడవదశ పరీక్షాఫలితము వెలువడలేదు. పిమ్మట టీకావర్గమున 24 మందికి, ప్లాసిబోవర్గమున 106 మందికి వ్యాధి సోకినట్లు తేలి, రక్షణ 77.8 శాతమని లెక్కకు వచ్చినది. టీకా మంచిదే అయినది, సంతోషము. ఆ మంచితనము తెలియకమునుపు ఇచ్చిన అనుమతిని మాత్రము అది వెనుకకు పోయి సమర్థింపజాలదు. అదే త్రోవన రేపు వచ్చు టీకా మంచిది కాకపోవచ్చును.

మనదేశమున క్లినికల్ ట్రయల్స్ నమోదుపట్టిక 2007లో ఆరంభమై, 2009 జూన్ 15 నుండి నమోదు తప్పనిసరియైనది. ఏ ప్రశ్న, ఎందఱు, ఎంతకాలము, దేనితో పోలిక అను వివరములు, ఫలితమునకు ముందే, ఎవరైనను చూడగలిగినట్లు అందులో ఉండును. ఆంగ్లమున ఉండును. పరీక్షలో చేరు తెలుగువానిచేత తెలుగు సమ్మతిపత్రముపై సంతకము చేయించుచున్నారు. వాడు దేనిలో చేరినాడో, కడకు అది ఏమి తేల్చినదో తెలుగున చెప్పు బాధ్యత మాత్రము ఎవరిపైనను పెట్టలేదు. తెలుగునాట రోగులను చేర్చుకొను ప్రతి పరీక్షకును ముందుగా వ్రాసిన ప్రశ్నను, పిమ్మట వచ్చిన ఫలితమును, అది ఎట్టిదైనను, పది వాక్యములలో తెలుగున ప్రకటింపవలెనని రెండు రాష్ట్రప్రభుత్వములును కేంద్రమును కోరుట కష్టమైన పని కాదు. పత్రికలు దీనికై ఎదురుచూడనక్కఱ లేదు. మందును గూర్చిన వార్త వచ్చినప్పుడు దేనితో పోల్చిరి, ఎందఱిలో ఎందఱు, ఏ హద్దులమధ్య, నమోదుసంఖ్య ఎంత అని సంస్థవారిని అడిగి, చెప్పినది అచ్చువేసి, చెప్పనిదానిని చెప్పలేదనియే అచ్చువేయవచ్చును. రెండింటికి మించి చెప్పనివారి వార్తను లోపలిపుటలకు పంపవచ్చును.